500 హార్స్‌పవర్ కారుకు ట్రాఫిక్‌లో కుదపని క్లచ్

ఇంజిన్‌కు పెద్ద టర్బో బిగించి, ట్యూనింగ్ మార్చి, పవర్‌ను దాదాపు రెట్టింపు చేసుకున్న మాన్యువల్ గేర్ల కారు ఒకటి ఉందనుకుందాం. మొదటి వారంలోనే, నాలుగో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు ఎగిరిపోతుంది. బండి వేగం మాత్రం ఆ లెక్కన పెరగదు. కాసేపటికి కాలిన వాసన. ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపి, విడదీసే క్లచ్ జారుతోందని తెలిసిపోతుంది. ఇక దొరికినవాటిలో అన్నిటికంటే గట్టిగా పట్టే క్లచ్ తెచ్చి వేయించేస్తారు. జారడం ఆగుతుంది, అసలు బాధ మర్నాడు ట్రాఫిక్‌లో మొదలవుతుంది. పెడల్ రాయిలా ఉంటుంది. మెల్లగా వదులుతుంటే ఇంకా పట్టలేదు, ఇంకా పట్టలేదు అనుకునేలోపే ఒక్కసారిగా అంటుకుని బండి గెంతుతుంది. ఎత్తు మీద రివర్స్ చేసి పార్క్ చేయాలంటే టెన్షన్. నెల తిరిగేసరికి ఆ కారు బయటకు తీయాలంటేనే విసుగు పుడుతుంది.

పవర్ కావాలంటే ఈ మాత్రం ఓర్చుకోక తప్పదనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. అది నిజం కాదు. 2009 మోడల్‌గా వచ్చిన షెవర్లే కార్వెట్ జెడ్‌ఆర్1 ఇంజిన్ 638 హార్స్‌పవర్, 819 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చేది. దానికి ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్స్ ఒక్కటే. షోరూమ్ నుంచి కొన్న మామూలు మనిషి ఆఫీసుకు నడుపుకుని వెళ్లేలా ఆ క్లచ్‌ను తయారు చేశారు. కుదుపు పవర్ వల్ల వచ్చేదైతే అది సాధ్యమయ్యేది కాదు. పట్టును ఏ దారిలో పెంచారన్న దాన్నిబట్టే క్లచ్ మెత్తగా ఉంటుందా, మొరటుగా ఉంటుందా అన్నది తేలుతుంది.

ఆ దారులు ఎన్నో లేవు. క్లచ్ ఎంత టార్క్ మోయగలదన్నది నాలుగు అంకెల గుణకారం: రాపిడి గుణకం, క్లచ్ ప్లేట్‌ను అదిమి పట్టే ప్రెషర్ ప్లేట్ నొక్కే బలం, రాపిడి జరిగే వలయం సగటు వ్యాసార్ధం, రాసుకునే ముఖాల సంఖ్య. ఒకే ప్లేట్ ఉన్న క్లచ్‌లో రెండు ముఖాలు ఉంటాయి, ఒకటి ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్ వైపు, ఇంకొకటి ప్రెషర్ ప్లేట్ వైపు. రాపిడి గుణకం 0.3, నొక్కే బలం 8000 న్యూటన్లు, సగటు వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు అనుకుంటే, రెండు ముఖాలతో 480 న్యూటన్ మీటర్లు వస్తుంది. దీన్ని రెట్టింపు చేయాలంటే ఏం చేయాలి? రాపిడి గుణకాన్ని 0.6 చేయాలంటే రోడ్డు మీద పనికొచ్చే పదార్థం దొరకదు. వ్యాసార్ధం పెంచడానికి గేర్‌బాక్స్ ముందుండే బెల్ హౌసింగ్‌లో చోటు ఉండదు. నొక్కే బలాన్ని రెట్టింపు చేస్తే ఆ బరువంతా ఎడమ కాలి మీదకు వస్తుంది. ఇక మిగిలింది ముఖాల సంఖ్య. రెండు ప్లేట్లు పెడితే నాలుగు ముఖాలు, నొక్కేది అదే స్ప్రింగ్, అదే పదార్థం, 960 న్యూటన్ మీటర్లు. జెడ్‌ఆర్1లో రెండు ప్లేట్లు పెట్టడానికి కారణం ఇదే.

ఈ లెక్కలో ప్లేట్ మీద రాపిడి పదార్థం ఎంత విస్తీర్ణంలో ఉందన్నది ఎక్కడా లేదని గమనించాలి. నాలుగు ముక్కలో ఆరు ముక్కలో అతికించిన రేసింగ్ ప్లేట్, అంటే పక్ క్లచ్, చూడగానే భయంకరంగా కనిపిస్తుంది. కానీ ముక్కలుగా ఉన్నంత మాత్రాన దానికి పట్టు ఎక్కువ రాదు. పట్టు ఎక్కువ ఉంటే అది ఆ ముక్కల పదార్థం వల్ల. ముక్కలుగా చేయడం వల్ల ప్లేట్ తేలికై గేర్లు త్వరగా పడతాయి, రేసులో అది లాభం. అదే వేడిని తక్కువ చోటు మోయాల్సి రావడం నష్టం. రోజూ ఆగుతూ సాగే బండికి ఆ లాభంతో పనిలేదు, ఆ నష్టం మాత్రం తప్పదు.

కొనేముందు చేతిలో ఉండాల్సిన అంకె హార్స్‌పవర్ కాదు, టార్క్. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే అవసరం లేనంత మొరటు క్లచ్‌లు అమ్ముడవుతాయి. 8000 ఆర్‌పీఎం దగ్గర 500 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ అక్కడ తిప్పే టార్క్ సుమారు 445 న్యూటన్ మీటర్లే. అదే 500 హార్స్‌పవర్‌ను 4500 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చే టర్బో ఇంజిన్ టార్క్ దాదాపు 790. పవర్ ఒకటే, క్లచ్ మోయాల్సిన బరువు మాత్రం సుమారు 80 శాతం ఎక్కువ. మొదటి కారుకు మంచి సింగిల్ ప్లేట్ సరిపోవచ్చు, రెండోదానికి రెండు ప్లేట్లు లేకుండా సుఖం లేదు. ఇంకో జాగ్రత్త ఉంది. పవర్ కొలిచే యంత్రం డైనో మీద చక్రాల దగ్గర కొలిచిన అంకెలో గేర్‌బాక్స్, యాక్సిల్ నష్టాలు పోయి ఉంటాయి. క్లచ్ మోసేది అంతకంటే ఎక్కువైన ఇంజిన్ టార్క్‌ను. ఆ ఇంజిన్ టార్క్ గరిష్ఠానికి 20 నుంచి 30 శాతం పైన సామర్థ్యం ఉంటే వీధి బండికి చాలు. ఎందుకైనా మంచిదని రెట్టింపు సామర్థ్యం కొనడం ఇక్కడ మంచి చేయదు. ఆ అదనపు పట్టంతా సిగ్నల్ దగ్గర పాదం కింద అల్లరి చేస్తుంది.

ఇంతకీ మెత్తదనం అంటే ఏమిటి? పెడల్ వదిలేకొద్దీ టార్క్ కొంచెం కొంచెంగా, ఊహించినట్టు పెరగడం. దీన్ని కళ్లారా చూడాలంటే కొత్త క్లచ్ ప్లేట్‌ను చేతిలోకి తీసుకుని అంచు వైపు నుంచి చూడాలి. రెండు రాపిడి వలయాల మధ్య సన్నటి ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీలో అలలు అలలుగా వంచిన పలుచటి ఉక్కు రేకులు ఉంటాయి. రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా అదిమితే వలయాలు రవ్వంత దగ్గరై, వదలగానే మళ్లీ విచ్చుకుంటాయి. దాన్నే కుషన్ స్ప్రింగ్ అనీ మార్సెల్ అనీ అంటారు. అది అణిగేది ఒక మిల్లీమీటర్ లోపే. ఆ కాస్తలోనే క్లచ్ స్వభావమంతా ఉంది. పెడల్ 12–15 సెంటీమీటర్లు కదిలితే లోపల ప్రెషర్ ప్లేట్ కదిలేది సుమారు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. అందులో ముప్పాతిక మిల్లీమీటర్ పాటు ఈ రేకులు మెల్లగా అణుగుతూ ఉంటే, పాదానికి హాఫ్ క్లచ్ పట్టి ఆడించుకోవడానికి పెడల్ దారిలో మూడో వంతు దాకా దొరుకుతుంది. ఈ రేకులు లేని ప్లేట్‌లో అదంతా కొద్ది మిల్లీమీటర్ల పెడల్ కదలికలోకి కుదించుకుపోతుంది. ఎంత అనుభవం ఉన్న డ్రైవర్ అయినా ప్రతి సిగ్నల్ దగ్గరా ఆ కొద్ది మిల్లీమీటర్లను పట్టుకోలేడు.

అందుకే కొనేటప్పుడు ఎంత టార్క్ మోస్తుంది అన్న ప్రశ్న తర్వాత అడగాల్సిన ప్రశ్న, ప్లేట్‌లో మార్సెల్ ఉందా అని. క్లచ్‌ల పెట్టె మీద ఇది చాలాసార్లు రాయరు. స్టేజ్ వన్, స్టేజ్ టూ అని రాస్తారు. ఆ స్టేజ్‌లకు పరిశ్రమ అంతటికీ ఒకే నిర్వచనం లేదు. ఒక తయారీదారు స్టేజ్ టూ ఇంకొకరి స్టేజ్ త్రీ కంటే మొరటుగా ఉండొచ్చు. మార్సెల్ ఉందా, ఏ పదార్థం, ప్లేట్ మధ్య భాగమైన హబ్‌కు స్ప్రింగులు ఉన్నాయా, ఎన్ని న్యూటన్ మీటర్లు, పెడల్ ఎంత బరువు అన్న వాటికి సూటిగా జవాబు చెప్పలేని చోట కొనకపోవడమే మేలు.

పదార్థం విషయానికి వస్తే, వీధి బండికి మొదట చూడాల్సింది ఆర్గానిక్. రెజిన్‌లో నారలు, లోహపు పొడి కలిపి చేసే ఈ పదార్థం రాపిడి గుణకం సుమారు 0.25 నుంచి 0.35. అంకె చిన్నదే, కానీ అది నిలకడగా ఉంటుంది. సెరామిక్, లోహం కలిపిన ముక్కలకు గుణకం 0.4 దాటుతుంది, ఎక్కువ వేడి ఓర్చుకుంటాయి. వాటితో వచ్చే చిక్కు ఇంకోచోట ఉంది. జారే వేగం తగ్గేకొద్దీ వాటి రాపిడి పెరిగే స్వభావం ఎక్కువ. అంటే ఫ్లైవీల్, ప్లేట్ వేగాలు దగ్గరపడే చివరి క్షణంలో, సరిగ్గా మెత్తగా ఉండాల్సిన చోట, పట్టు ఎగబాకుతుంది. పట్టి, వదిలి, మళ్లీ పట్టి, సెకనుకు పదిసార్లో అంతకు అటూ ఇటూగానో కారు మొత్తం వణుకుతుంది. మెకానిక్‌లు జడ్డర్ అనేది దీన్నే. స్ప్రింగులు మార్చి, ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ను కారుకు బిగించే ఆధారాలు) మార్చి దీన్ని కొంత తగ్గించవచ్చు గానీ, మూలం పదార్థంలో ఉన్నప్పుడు పూర్తిగా పోదు. ఒకవైపు ఆర్గానిక్, ఇంకోవైపు సెరామిక్ ఉండే ప్లేట్లు రాజీ మార్గంగా అమ్ముతారు. ఆ సెరామిక్ ముఖం ఉన్నంతకాలం ట్రాఫిక్‌లో దాని గుణమే ముందు తెలుస్తుంది, కాబట్టి మెత్తదనమే ముఖ్యం అనుకునేవారికి ఇది సగం దారిలో ఆగిపోవడమే.

కెవ్లార్ వంటి అరామిడ్ నారతో చేసిన ప్లేట్లు వేరే రకం. చాలా మెత్తగా పడతాయి, ఎక్కువకాలం మన్నుతాయి. కాని ఒక్కసారి బాగా వేడెక్కించి పైపొర గాజులా మెరిసిపోయిందంటే మళ్లీ మునుపటి పట్టు రావడం కష్టం. ఆర్గానిక్ ప్లేట్ ఒకసారి వేడెక్కి జారినా, చల్లారనిస్తే చాలావరకు తేరుకుంటుంది. బండిని అప్పుడప్పుడు గట్టిగా పరీక్షించే అలవాటు ఉంటే కెవ్లార్ సరైన జోడీ కాదు.

పెడల్ బరువు గురించి కూడా చెప్పుకోవాలి. నొక్కే బలం పెంచిన ప్రెషర్ ప్లేట్ వేస్తే కాలికి నొప్పి ఒక్కటే సమస్య కాదు. పెడల్ తొక్కినంతసేపూ ప్రెషర్ ప్లేట్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్ ద్వారా ఆ బలం క్రాంక్ షాఫ్ట్‌ను ముందుకు నెడుతుంది. దాన్ని మోసేది ఇంజిన్‌లోని థ్రస్ట్ బేరింగ్. సిగ్నల్ దగ్గర గేర్‌లో పెట్టి, క్లచ్ తొక్కి పట్టుకుని కూర్చునే అలవాటుకు, బరువైన ప్రెషర్ ప్లేట్‌కు అసలు పడదు. పెడల్ తొక్కితే ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్‌ను చిన్న బోరుది పెట్టి పెడల్‌ను తేలిక చేయవచ్చు, అయితే కదలిక తగ్గి క్లచ్ పూర్తిగా విడవకపోతే గేర్లు గీరుకుంటాయి. ఒకచోట తగ్గించిన బరువు ఇంకోచోట కదలికగా తేలుతుంది.

అందుకే టార్క్ 700 దాటిన బండ్లకు ఆర్గానిక్ పదార్థంతో రెండు ప్లేట్ల క్లచ్ అన్నిటికంటే తెలివైన ఎంపిక. ఖరీదు ఎక్కువే. అయినా ఒకసారి చవకగా మొరటుది వేయించి, ఆరు నెలల తర్వాత గేర్‌బాక్స్ మళ్లీ దింపి మార్పించడం కంటే తక్కువే పడుతుంది. దీనికీ లోపాలు ఉన్నాయి. రెండు ప్లేట్ల మధ్య ఉండే ఇనుప ప్లేట్ కొన్ని డిజైన్లలో పళ్ల మీద వదులుగా కూర్చుంటుంది. పెడల్ తొక్కగానే డబ్బాలో నాణేలు ఆడించినట్టు గలగలమంటుంది. దాన్ని పలుచటి ఉక్కు పట్టీలతో కట్టిన డిజైన్లు నిశ్శబ్దంగా ఉంటాయి. పట్టీలు మధ్య ప్లేట్‌ను ప్రతిసారీ ఒకే దూరం వెనక్కి లాగుతాయి కాబట్టి క్లచ్ శుభ్రంగా విడుతుంది కూడా. రెండోది, రెండు ప్లేట్లూ విడిపోవాలంటే ప్రెషర్ ప్లేట్ ఎక్కువ దూరం కదలాలి. ఆ దూరం మిగుల్చుకోవడానికి కొందరు తయారీదారులు మార్సెల్ తగ్గిస్తారు, లేదా తీసేస్తారు. రెండు ప్లేట్లు అన్నంత మాత్రాన మెత్తగా ఉంటుందని నమ్మకుండా ఇక్కడా అదే ప్రశ్న అడగాలి. ప్లేట్ మధ్యలో చుట్టూ కనిపించే చిన్న స్ప్రింగులు కూడా ఉండి తీరాలి. ఇంజిన్ ఒక్కో పేలుడుకూ ఇచ్చే చిన్న చిన్న కుదుపుల్ని గేర్‌బాక్స్ దాకా పోకుండా మింగేవి అవే.

ఫ్లైవీల్ దగ్గర చాలామంది చేజేతులా మెత్తదనాన్ని పోగొట్టుకుంటారు. క్లచ్ ఎలాగూ మారుస్తున్నాం కదా అని తేలికైన అల్యూమినియం ఫ్లైవీల్ కూడా వేయిస్తారు. ఇంజిన్ చురుగ్గా లేస్తుంది, వినడానికి బాగుంటుంది. కాని బండి కదిలేటప్పుడు ఇంజిన్ ఆగిపోకుండా కాపాడేది ఫ్లైవీల్‌లో నిల్వ ఉన్న తిరుగుడు శక్తే. దానికి పెద్ద ఉదాహరణ 2003లో తయారీ మొదలైన పోర్షే కరెరా జీటీ. సుమారు 605 హార్స్‌పవర్ ఇచ్చే పది సిలిండర్ల ఇంజిన్‌ను వీలైనంత కిందికి దించడానికి ఆ కారుకు 169 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న, రెండు ప్లేట్ల సెరామిక్ క్లచ్ పెట్టారు. టార్క్ మోయడంలో దానికి లోటు లేదు. కాని తిరిగే బరువు మరీ తక్కువ కావడంతో, అలవాటైన డ్రైవర్లు కూడా కదిలేటప్పుడు ఇంజిన్ ఆపేసుకునేవారు. యాక్సిలరేటర్ తాకకుండా పెడల్ మెల్లగా వదిలితే ఇంజిన్ కంప్యూటరే చూసుకుంటుందన్నది ఆ కారు నడిపేవారికి ఇచ్చే మొదటి సలహా. అంత పేరున్న ఇంజినీర్లు అంత శ్రద్ధగా చేసిన కారులోనే పరిస్థితి ఇది అయితే, మామూలు బండిలో ఫ్లైవీల్ బరువు సగం తగ్గించి మెత్తదనం కోరుకోవడం అత్యాశే.

1985 నుంచి ఉత్పత్తి కార్లలో కనిపిస్తున్న డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఇంకో సంగతి. రెండు చక్రాల మధ్య పొడవాటి స్ప్రింగులు పెట్టి ఇంజిన్ కంపనాలను మింగే ఈ ఏర్పాటు వల్లే ఇప్పటి కార్లు అంత నిశ్శబ్దంగా ఉంటాయి. టార్క్ బాగా పెరిగితే ఆ స్ప్రింగులు చివరిదాకా అణిగి కొట్టుకుంటాయి, అప్పుడు ఒకే ముక్కగా ఉండే ఫ్లైవీల్‌కు మారక తప్పదు. మారితే న్యూట్రల్‌లో గేర్‌బాక్స్ గరగరమనడం ఖాయం. అది చెడిపోయిన శబ్దం కాదు, ఇంతకాలం వినపడకుండా దాచిన శబ్దం. బరువు తగ్గించని ఉక్కు ఫ్లైవీల్, స్ప్రింగులున్న హబ్ ఎంచుకుంటే ఆ గరగర కొంత తగ్గుతుంది. టార్క్ పెరుగుదల కొద్దిగానే ఉంటే మాత్రం కంపెనీ ఫ్లైవీల్‌ను ఉంచుకోవడమే మంచిది.

క్లచ్ గురించి మాట్లాడుతూ గేర్ నిష్పత్తులను ఎవరూ తలచరు. తలచాలి. ఇంజిన్ ఒకే ఆర్‌పీఎంలో తిరుగుతుండగా, క్లచ్ జారుతూ బండిని సమతల రోడ్డు మీద నిలబడ్డ చోటి నుంచి కదిలిస్తే, బండి ఎంత గతిశక్తి పొందుతుందో దాదాపు అంతే శక్తి క్లచ్‌లో వేడిగా మారుతుంది. 1600 కిలోల బండి, మొదటి గేర్ నిష్పత్తి 2.66, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తర్వాత చక్రాలకు ముందు ఉండే చివరి గేర్) నిష్పత్తి 3.42, టైరు వ్యాసార్ధం 33 సెంటీమీటర్లు అనుకుందాం. 1100 ఆర్‌పీఎం దగ్గర మెత్తగా కదిలితే, గంటకు 15 కిలోమీటర్ల వేగంలో క్లచ్ పూర్తిగా పడుతుంది. వేడి సుమారు 14 కిలోజౌల్స్. అదే బండిని 3000 ఆర్‌పీఎంలో పట్టి ఉంచి వదిలితే జారడం 41 కిలోమీటర్ల వేగం దాకా సాగుతుంది, వేడి సుమారు 104 కిలోజౌల్స్. ఆర్‌పీఎం మూడు రెట్లు కూడా కాలేదు, వేడి ఏడు రెట్లు దాటింది. మొరటు క్లచ్‌తో ఇంజిన్ ఆగిపోతుందన్న భయం కొద్దీ డ్రైవర్ ఎక్కువ ఆర్‌పీఎం పెట్టడం మొదలుపెడతాడు, దాంతో గట్టిది అని వేయించిన క్లచ్ త్వరగా కాలిపోతుంది. ఇదే లెక్కలో ఇంకో దారి కనిపిస్తుంది. ఫైనల్ డ్రైవ్‌ను 3.42 నుంచి 3.73కు మారిస్తే ప్రతి కదలికకూ వేడి సుమారు 16 శాతం తగ్గుతుంది, బండి తేలిగ్గా లేస్తుంది. క్లచ్ ముట్టుకోకుండానే మెత్తదనం పెరిగినట్టు.

ట్యూనింగ్ కూడా క్లచ్ ఎంపికలో భాగమే. టర్బో బండిలో మధ్య ఆర్‌పీఎంలో ఒక్కసారిగా ఎగిసే టార్క్ శిఖరం కోసమే సగంమంది పెద్ద క్లచ్ కొనాల్సి వస్తుంది. ఆ శిఖరాన్ని కొంచెం చదును చేసి, పైన పవర్ అలాగే ఉంచితే, 900 న్యూటన్ మీటర్ల అవసరం 750కి దిగొచ్చు. బండి వేగంలో తేడా పెద్దగా తెలియదు. టైర్లు కూడా చూసుకోవాలి. మామూలు వీధి టైర్లు ముందు జారి క్లచ్‌ను కాపాడతాయి. రోడ్డును గట్టిగా పట్టే డ్రాగ్ రేసు టైర్లు వేస్తే ఆ దెబ్బంతా క్లచ్, గేర్‌బాక్స్ మీదే పడుతుంది.

బిగించడంలో తేడా వస్తే ఎంత మంచి క్లచ్ అయినా కుదుపుతుంది. ఫ్లైవీల్ ముఖాన్ని సానపట్టించాలి, లేదా కొత్తది వేయాలి. నీలి మచ్చలు ఉన్న పాత ముఖం మీద కొత్త ప్లేట్ ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు. ఒక్క వేలిముద్రంత గ్రీజు అంటినా జడ్డర్ వస్తుంది. ప్రెషర్ ప్లేట్ బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. క్లచ్ పూర్తిగా విడిన తర్వాత కూడా పెడల్ ఇంకా లోపలికి పోతుంటే ప్రెషర్ ప్లేట్‌లోని డయాఫ్రమ్ స్ప్రింగ్ వేళ్లు అతిగా వంగి పాడవుతాయి, అక్కడ పెడల్ స్టాప్ పెట్టించాలి.

కొత్త ఆర్గానిక్ ప్లేట్‌కు సుమారు 800 కిలోమీటర్లు ఊళ్లో మెల్లగా నడపాలని తయారీదారులు తరచూ చెబుతారు. హైవే మీద ఒకే గేర్‌లో పోయిన 800 కిలోమీటర్లు ఈ లెక్కలోకి రావు. అక్కడ క్లచ్ ఒక్కసారి పడి అలాగే ఉంటుంది, ముఖాలు ఒకదానికొకటి రాసుకుని సర్దుకునే అవకాశమే రాదు. ట్రాఫిక్‌లో వందలసార్లు తొక్కి వదిలినప్పుడే పైపొర సమంగా అరిగి మొత్తం విస్తీర్ణం తాకడం మొదలవుతుంది. మొదటి రోజుల్లో కాస్త వాసన, కొద్దిగా వణుకు ఉంటే కంగారు పడి గేర్‌బాక్స్ దింపించనక్కర్లేదు. ఆ దూరం పూర్తయ్యాక కూడా చల్లటి ఉదయం మొదటి కదలికలో వణుకు అలాగే ఉంటే, క్లచ్‌ను అనుమానించేముందు ఇంజిన్ మౌంట్లు, గేర్‌బాక్స్ మౌంట్లు చూపించాలి.